కాగితం మీద లేని చోటు

హలో… ఆ, నేనే, వెర్నాని. రోండా, నువ్వేనా? మీ ఆయన ఇంకా రాలేదు కదా, మా ఆయన కూడా—

…డెల్?

నువ్వా?

నువ్వు ఇంట్లో ఉన్నావేంటి!

…ఆగాగు. నువ్వు ఆరిన్‌తో అడవిలో కదా ఉండాలి? గురువారం పొద్దున మా ఆయన ట్రక్కు మీ ఇంటివైపే తిప్పాడు, వంటింటి కిటికీలోంచి నేను చూశాను. ‘డెల్‌ని ఎక్కించుకుని అటే పోతాం’ అన్నాడు.

…నడుమా? ఎప్పుడు పట్టేసింది?

…గురువారమే.

ఇవాళ సోమవారం డెల్. నడుం పట్టేస్తే ఫోను ఎత్తడానికి చెయ్యి కూడా పట్టేస్తుందా?

…నీళ్లు నమలకు. నిన్న మధ్యాహ్నానికి దిగిపోవాల్సిన మనిషి. కొండ దిగగానే ఆ జంక్షన్‌లో బంకు దగ్గర సిగ్నలు తగుల్తుంది. ‘దిగాను, కాఫీ పెట్టు’ అని అక్కణ్నుంచి చేస్తాడు. ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా తప్పలేదు. నిన్న రాలేదు. ఇద్దరున్నారు కదా, ఒకరికొకరు తోడు కదా అని సాయంత్రం దాకా కళ్లు కాయలు కాచేలా చూస్తూ కూర్చున్నాను నేను. తోడుకెళ్లినవాడేమో ఇక్కడ నడుముకి వేడి సంచి పెట్టుకుని పడుకున్నాడు!

…చెప్పొద్దన్నాడా?

ఏమని? అతను అన్నమాట అన్నట్టు చెప్పు.

…‘వెర్నాకి చెప్తే వెళ్లనివ్వదు.’ అవును, వెళ్లనివ్వను! ఏప్రిల్లో గుండెకి స్టెంటు వేయించుకున్న మనిషి. ఒంటరిగా మాత్రం వద్దని డాక్టరు చెప్తుంటే పక్కన నేనే ఉన్నాను. నువ్వు తోడున్నావనే కదా సరేనన్నాను. తోడు దొంగలయ్యా మీరిద్దరూ. మాత్రలు కూడా ఆదివారం వరకే కట్టిచ్చాను.

…ఇంకా విను. నిన్న సాయంత్రమే షెరీఫ్ ఆఫీసుకి ఫోన్ చేశాను. ఆ డిప్యూటీ హాస్కెల్ లేడూ, రెండో క్లాసులో ఉండగా నా స్కూలు బస్సులో రోజూ వాంతి చేసుకునేవాడు, వాడే. పాపం తెల్లారకుండానే బయల్దేరి ఆరిన్ రాసి పెట్టిన చోటికెళ్లాడు. ఒట్టర్ వాగు రోడ్డు, ఆ చివర బండి తిప్పుకునే చోటు, ట్రక్కు అక్కడ, గుడారం వాగు అవతల. ఫ్రిజ్ మీద కాగితం నా ఎదురుగానే ఉంది. అతని రాతే.

అక్కడ ట్రక్కు లేదు డెల్.

…లేదంటున్నాగా. చక్రాల జాడ కూడా లేదు. రాత్రి పైన మంచు పడిందట, అయినా ట్రక్కంత ట్రక్కు మంచులో మాయమవదు కదా.

…

మాట మార్చకు.

…ఇదిగో, నేను ఇరవై ఆరేళ్లు స్కూలు బస్సు నడిపాను. వెనక సీట్లో ఎవడు అబద్ధం ఆడుతున్నాడో ముందు అద్దంలోంచి చూసి చెప్పేదాన్ని. నీ మొహం కనబడకపోయినా నీ ఊపిరి వినబడుతోంది. ఎక్కడున్నాడు మా ఆయన?

…తెలీదా. సరే. అయితే నేను అడుగుతా, నువ్వు చెప్పు.

గరాజులో మేకుకి ఎప్పుడూ రెండు రేకు కప్పులు వేలాడుతుంటాయి. రెండూ లేవు. ఒక్కడే వెళ్తే రెండో కప్పు ఎవరికి?

…నీకా. నువ్వొస్తావనుకుని ముందే సర్దేశాడా.

ఊఁ.

మరి పశువుల దాణా కొట్టులో జోలీన్ కూడా గురువారం నుంచీ సెలవులో ఉందట. అడక్కపోయినా ఇద్దరు చెప్పారు నాకు.

…నవ్వకు! నాకు నవ్వులాటగా ఉందా ఇక్కడ?

…పన్ను పీకించుకుందా? ఎవరు చెప్పారు? …రోండా నిన్న చర్చిలో చూసిందా. బుగ్గ గుమ్మడికాయంత ఉందా.

సరే. సరే, నా బుద్ధి అలా పోయింది. రాత్రంతా కూర్చుంటే ఏదైనా తోస్తుంది మనిషికి. నిజం చెప్పనా, ఒక నిమిషం జోలీన్‌తో ఉన్నా బాగుండనిపించింది. వెచ్చగా ఉంటాడు కదా, ఎక్కడో ఒకచోట.

…లేదు, ఏడవట్లేదు. నువ్వు చెప్పేది చెప్పు.

…సరే, ఇదొకటి చెప్పు. పోయిన క్రిస్మస్‌కి అతనికి ఓ పెట్టె కొనిచ్చాను. అరచేతిలో పట్టేది. ప్రమాదమైతే మీట నొక్కాలి, హెలికాప్టరు వచ్చేస్తుంది. నొక్కకపోయినా అతను ఎక్కడున్నదీ నా ఫోన్‌లో చుక్కలా కనబడుతుంది. అదే. ఆ పెట్టె గరాజులో ఉంది డెల్. పాత బూట్ల వెనకాల, గుడ్డలో చుట్టి మరీ దాచాడు. నేను సర్దిన సంచిలోంచి తీసి పక్కన పెట్టాడు. గుండె జబ్బు మనిషి ప్రాణం కాపాడే పెట్టెని ఎందుకు వదిలేసి వెళ్తాడు?

…

డెల్.

…చుక్క కనబడుతుందనా?

ఎవరికి కనబడుతుందని? నా ఒక్కదానికే కదా కనబడేది—

…

ఓ.

నాకు కనబడకూడదని.

…చెప్పు. మొత్తం చెప్పు. కాగితం మీద రాసింది అబద్ధమా?

…ఎన్నాళ్ల నుంచి? …మూడేళ్లా! మూడేళ్లుగా ఫ్రిజ్ మీద అబద్ధం అతికించి పోతున్నాడా! పెళ్లైన మొదటేడే నేను పెట్టిన నియమం అది. అక్కడేం గేటుందా, పేరు రాసుకునేవాడున్నాడా? లక్షల ఎకరాల అడవి, ఎక్కడ నచ్చితే అక్కడ గుడారం. అందుకే రోడ్డు నంబరు, ట్రక్కు ఎక్కడ, పడక ఎక్కడ, ఎప్పుడొస్తాడు, అన్నీ రాసి పెట్టకుండా గుమ్మం దాటడానికి వీల్లేదన్నాను. ఆ కాగితాన్ని నమ్మేగా హాస్కెల్ వెళ్లాడు! ఇప్పుడు ఎనిమిది మంది ఒట్టర్ వాగు పొడుగునా ఈలలేసుకుంటూ తిరుగుతున్నారు. మా ఆయన అక్కడ లేనే లేడు!

ఎక్కడున్నాడు?

…ఒట్టేంటి? ఏం ఒట్టు? మీకు అరవై ఏళ్లా, ఆరేళ్లా?

…చోటు ఎవరికీ చెప్పకూడదని. పెళ్లానికి కూడా. సరే, నీ పెళ్లానికి చెప్పకు. నా మొగుడు ఎక్కడున్నాడో నాకు చెప్పు.

…చప్పుడా? బయట ట్రెయిలర్‌లో కంచరగాడిదలు తన్నుకుంటున్నాయి. మబ్బు దిగి ఉంది, హెలికాప్టరు ఎగరదట. అందుకని రెండిటినీ ఎక్కించుకుని గంట నుంచీ వాకిట్లో నిలబడ్డాడు. ‘ఎటెళ్లాలో చెప్పక్కా’ అని.

…ఎవరా? ఇంకెవరు. మా తమ్ముడు కర్టిస్.

…

హలో?

హలో! పెట్టేశావా?

…ఉన్నావా. మరి అలా బిగుసుకుపోయావేంటి కర్టిస్ పేరు వినగానే?

…వాడికి మాత్రం చెప్పవా? డెల్, పైన మంచు పడింది. నువ్వు లేచి నిలబడలేవు. హాస్కెల్ మనుషులు వెనక్కి దిగి, ఇంకో దారి పట్టాలంటే మధ్యాహ్నం దాటిపోతుంది. నా వాకిట్లో రెండు కంచరగాడిదలు జీను కట్టి సిద్ధంగా ఉన్నాయి. అవి కర్టిస్‌వి కాబట్టి వద్దా?

…ఒట్టర్ వాగు గడ్డి మైదానం సంగతి ఇప్పుడెందుకు?

…గుర్తుంది. ఎందుకు గుర్తుండదు. మీ ఇద్దరి రహస్యం చోటు, మూడేళ్ల కిందటి వేసవి మీరు వెళ్లేసరికి తొమ్మిది ట్రక్కులున్నాయి. జనరేటరు మోత. పచ్చి చెట్లు కొట్టి మంటలేశారు. ఆరిన్ సంచి కూడా విప్పకుండా తిరిగొచ్చేశాడు. అయితే?

…అది ఎవరు చెప్పారో నాకేం తెలుసు! అడవికి దారులుంటాయి, మనుషులకి కళ్లుంటాయి. ఎవడో చూసి ఉంటాడు.

…కర్టిస్ ట్రెయిలరా. అక్కడ చూశారా.

ఆరిన్ చూశాడా?

…

ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని అడిగాడు నన్ను. ‘వెర్నా, నువ్వు చెప్పావా?’ అని. ఒక్కసారే అడిగాడు. నేను చెప్పలేదన్నాను. అతను బంగాళాదుంపల గిన్నె ఇటు జరిపి, ‘సరే’ అన్నాడు. అయిపోయిందనుకున్నాను.

ట్రెయిలర్ చూసొచ్చాకే అడిగాడన్నమాట. అంతా తెలిసే.

…

నేనే చెప్పాను డెల్.

…ఊఁ. నేనే. దానికి ముందు చలికాలం కర్టిస్‌ని కలప మిల్లులోంచి తీసేశారు, వాడి పెళ్లాం పిల్లల్ని తీసుకుని వెళ్లిపోయింది. రోజూ వచ్చి నా వంటింట్లో కూర్చునేవాడు, తినేవాడు కాదు, మాట్లాడేవాడు కాదు. వాణ్ని చూస్తే భయమేసేది నాకు. మంచు కరగగానే ఒట్టర్ వాగు దగ్గర రెండు రోజులు పడుకునిరా, మనసు కుదుటపడుతుంది అని నేనే బొమ్మ గీసిచ్చాను. ఎవరికీ చెప్పకురా అన్నాను. వాడు వెళ్లాడు, నిజంగానే తేలికపడి వచ్చాడు. ఆ సంతోషంలో పాత మిల్లు స్నేహితులందరికీ ఫొటోలు చూపించాడు. దారితో సహా.

…అప్పుడే ఒప్పుకుని ఉంటే ఒక వారం అలిగేవాడు. అంతేగా. ఒక్క వారం! నేను కాదని బుకాయించాను. అందుకని మూడేళ్లుగా నాకు దొంగ కాగితం రాసి పెడుతున్నాడు. ఆ పెట్టె దాచిపెట్టి వెళ్లింది నాకు తెలియకూడదనే. జోలీన్ కోసమూ కాదు, ఇంకెవరి కోసమూ కాదు. రాత్రంతా ఊళ్లో అందర్నీ అనుమానించాను. నిన్ను కూడా. ఇందాక ఫోనెత్తగానే నిన్ను కూడా.

…వద్దు, ఓదార్చకు. నాకు ఓదార్పు వద్దు, దారి కావాలి.

…ఆ, ఉంది పెన్ను. చెప్పు.

…నాలుగొందల పదిహేడు నంబరు రోడ్డు. అది ఒట్టర్ వాగుకి అవతలి వైపు కదా! కొండకి ఆ పక్క కదా!

…ఊఁ. విరిగిపోయిన వంతెన దాకా. దాని ముందే ఎడమకి కంకర గుంట. ట్రక్కు గుంటలోకి దింపి పెడతారా? రోడ్డు మీదకి కనబడకుండా? దేవుడా. హాస్కెల్ ఆ రోడ్డున వెళ్లినా చూసి ఉండడు.

…అక్కణ్నుంచి నడక. ఎన్ని మైళ్లు? …ఆరు. స్టెంటు గుండెతో ఆరు మైళ్లు కొండ ఎక్కడం. సరే, తర్వాత.

…రెండు వాగులు కలిసే చోట కుడి పాయ పట్టుకోవాలి. కాలిబాట లేదు. మీరిద్దరూ నడిచిన జాడ కూడా లేకుండా తుడిచేసేవాళ్లు కదూ… ఊఁ. కాలిపోయిన దేవదార్లు దాటాక చిన్న చెరువు. చెరువుకి పైన రాతి అరుగు. గుడారం అరుగు మీద, గాలి తగలని వైపు.

…వాగు దాటేచోట బండలు నున్నగా ఉంటాయి. అక్కడ ముందు చూడమంటావా.

…నువ్వక్కడ పోయినేడు జారావా. సరే. అక్కడే ముందు చూడమంటాను.

మళ్లీ చెప్తాను, తప్పుంటే ఆపు. నాలుగొందల పదిహేడు, వంతెన ముందు కంకర గుంట, ఆరు మైళ్లు, కుడి పాయ, కాలిన దేవదార్లు, చెరువు, అరుగు… సరేనా? …సరే.

…ఏంటి, ఇప్పుడు కూడా అదే బెంగా? కర్టిస్ ఈసారైనా ఎవరికీ చెప్పకుండా ఉంటాడా అనా?

చెప్తాడు డెల్. వాడు చెప్పకపోయినా నేనే చెప్తాను. ఇప్పుడే హాస్కెల్‌కి చెప్తాను, వాడు రేడియోలో చెప్తాడు, కౌంటీ మొత్తం వింటుంది. విననీ. వచ్చే వేసవి ఆ చెరువు చుట్టూ యాభై ట్రక్కులు నిలబడనీ. ఆరిన్ నన్ను నానా మాటలూ అననీ, ఏడాది పాటు నాతో మాట్లాడకుండా ఉండనీ. మాట్లాడకుండా ఉండటానికైనా మనిషి ఇంట్లో ఉండాలి కదా!

…నువ్వు లేవకు. నడుం పట్టుకుని పడుకో. నీ మీద కోపం పోలేదు, అది తర్వాత చూసుకుందాం.

కర్టిస్! …ఒరేయ్ కర్టిస్! లోపలికి రా!

…పెట్టేస్తున్నాను డెల్.

బూట్లు విప్పక్కర్లేదు, అలాగే రా. కూర్చోకు. నిలబడే విను. నాలుగొందల పదిహేడు—