పరదా ఉన్న గది

మధ్యాహ్నం. బట్టలు సరిచేసి ఇచ్చే చిన్న దుకాణం. అక్క కుట్టుమిషన్ ముందు కూర్చుని ఉంది. చెల్లెలు చెప్పాపెట్టకుండా వచ్చి, కత్తిరింపుల బల్లకు ఆనుకుని నిలబడింది.

"అంటే నెట్‌లో ఆ పాత ఫోరం మానేసినట్టేనా?"

"మానేసి నెల దాటిందక్కా. ఫోన్లో చెప్పాగా."

"ఏదో అన్నావు. మిషన్ చప్పుడులో సగమే వినపడింది. ఆ ప్యాంటు మీద చెయ్యి పెట్టకు, ఇస్త్రీ చేసింది."

"కొత్త ఫోరంలో చేరానన్నాను. అక్కడ ఏ పిచ్చి ఉన్నవాళ్లకి ఆ గ్రూపు ఉంది. పాత తాళాలు పోగేసేవాళ్లకొకటి, గాలిపటాలవాళ్లకొకటి, గోడగడియారాలు విప్పి మళ్లీ బిగించుకునేవాళ్లకొకటి. నాలాగా అట్టలతో బుల్లి బొమ్మగదులు చేసేవాళ్లే నాలుగొందల మంది ఉన్నారు."

"నాలుగొందల మందికి పనీపాటా లేదన్నమాట."

"అట్టముక్కలతో అలమర చేసి పెడితే, దాని తలుపు తెరుచుకుంటుందా అని అడిగారక్కా. తెరిచి చూపిస్తే ఎంత సంబరపడ్డారో! మా ఇంట్లో అడిగే దిక్కెవరు? మీ మరిదైతే 'బల్ల మీంచి ఈ చెత్త తియ్యి' అంటాడు."

"బల్ల మీద అన్నం తినాలి కదా మరి."

"ఒకావిడ నా అలమర చూసి తనూ ఒకటి చేసి పెట్టింది. మొదటిసారి చేశాను, నవ్వకండి అని రాసింది. నేనే ధైర్యం చెప్పాను. నేను! ఇంకొకరికి!"

"పెద్ద గురువువైపోయావు."

"గుండీల గ్రూపు కూడా ఉంది. నీ డబ్బాలో గుండీలన్నీ ఫోటో తీసి పెట్టావంటే ఎగబడతారు."

"నాకంత తీరికెక్కడ ఏడ్చింది? ఆ సూదుల పెట్టె ఇటివ్వు."

"పాతదాంట్లోంచి ఎందుకొచ్చేశానో అడగవేం?"

"ఏదో ఉంటుందిలే."

"సూదిమొన అని ఒకరుండేవాళ్లు. నేనేది పెట్టినా కింద చేరి పొడవడమే. మెట్లు వంకర, గోడ రంగు మురికి, కుర్చీకి కాళ్లున్నాయి గానీ నిలబడే మొహం లేదు. ఫోటో పెట్టాలంటే పదిసార్లు ఆలోచించేదాన్ని. అందుకే పేరు మార్చుకుని ఈ కొత్తదాంట్లోకొచ్చాను. చీమిల్లు అని పెట్టుకున్నాను, చెప్పాగా."

"మంచి పని చేశావు."

"పది రోజులు హాయిగా ఉన్నాను. ఆ తర్వాత దీంట్లోకీ వచ్చేశారు. ఈసారి పేరు 'ఊరికే చూస్తున్నా'."

"ఇంకెవరో అయ్యుంటారు."

"మాట తీరు తెలీదా అక్కా? అదే పొడుపు. 'పాపం, చేతకాకపోయినా చేస్తున్నారు, మెచ్చుకోండి' అట."

"నాలుగొందల మంది చప్పట్లు కొడుతుంటే ఒక్కరు నిజం చెప్పారనుకోవచ్చుగా."

"నిజమా?"

"నిజమే మరి. అందరూ బాగుంది బాగుంది అంటే నీ చెయ్యి ఎప్పటికి బాగుపడుతుంది? ఆ పరదానే చూడు. గుడ్డ అడ్డంగా కోశావు, అందుకే జారకుండా అట్టలా బిగుసుకుపోయింది. నిలువుగా కొయ్యాలని చిన్నప్పుడే చెప్పానా లేదా?"

"ఏ పరదా?"

"అదే, కిటికీకి వేశావే, అది."

"పరదా ఉన్న గది నేను నీకు చూపించలేదు."

"చూపించావు."

"లేదక్కా. మొన్న ఆదివారం చేశాను. ఆ గ్రూపులో తప్ప ఇంకెక్కడా పెట్టలేదు."

"అయితే ఫోన్లో చెప్పుంటావు."

"పరదా అడ్డంగా కోశానని నేనే ఫోన్ చేసి చెప్పానా?"

"ఉండు, దారం తెగింది."

"మిషన్ ఆపు."

"సాయంత్రానికి ఇవ్వాల్సిన బట్టలివి."

"ఆపక్కా."

"ఆపాను. ఏంటంటావు? అవును, నేనే. ఏం, అనకూడదా? నీకు బ్లేడు పట్టుకోవడం నేర్పిందెవరు? జిగురు కనపడకుండా తుడవడం నేర్పిందెవరు? అమ్మ నీ బొమ్మిల్లు అద్దాల బీరువాలో పెట్టి వచ్చినవాళ్లందరికీ చూపించేది. నాది బీరువా వెనకాల దుమ్ముకొట్టుకుపోయింది. ఇప్పుడు నాలుగొందల మంది ముందు 'ఎవరూ నేర్పలేదు, నాకు నేనే నేర్చుకున్నాను' అని రాసుకున్నావు. చదివాను."

"అందుకా ఇదంతా?"

"అందుక్కూడా."

"సరే. మెట్లు వంకరన్నావు, పడ్డాను. చేతకాదన్నావు, పడ్డాను. ఆదివారం ఆ గది కింద ఏం రాశావు?"

"ఏదో రాశాను."

"నా నోటితో చెప్పనా? 'మంచం బాగా చేశారు. అందులో పడుకున్న మనిషిని కూడా ఇంత బాగా చూసుకునుంటే బతికుండేదేమో.' ఇదేగా?"

"అది అమ్మ గది, చిట్టీ."

"అమ్మ గదే. మందుసీసాలతో సహా చేశాను. ఆ మంచం దగ్గర ఎన్నాళ్లు చాకిరీ చేశానో నీకు తెలీదా? అలాంటి నన్నా ఆ మాట అన్నావు?"

"చేశావు. కాదనను. నన్ను మాత్రం అంతా అయ్యాక పిలిచావు."

"ముందే చేశానక్కా ఫోను. ఆ రోజు పొద్దుణ్ణుంచీ చేస్తూనే ఉన్నాను. నువ్వు ఎత్తలేదు."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"మోగడం చూశాను. మళ్లీ అమ్మని చూసుకునే వంతుల గొడవే అనుకున్నాను. 'నేను అలిసిపోయాను, నువ్వొచ్చి చూసుకో' అంటావని, ఇదిగో, ఇక్కడే, ఈ మిషన్ పక్కనే బోర్లించి పెట్టాను. విన్నావుగా. చాలా? ఇంక వెళ్లు."

"ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదు."

"ఏ మొహం పెట్టుకుని చెప్పను? మీ ఇంట్లో అడుగుపెడితే ఆ గది తలుపే ఎదురుగా ఉంటుంది. అందుకే రాలేదు. ఆ ఫోరంలో అయితే మొహం చూపించక్కర్లేదు. నువ్వేదో పెడతావు, నేనేదో అంటాను."

"అనడం కాదక్కా, పొడవడం."

"పొడవడమే. ఇంకోలా మాట్లాడటం నాకు రాలేదు."

"నువ్వేనని నాకు పాతదాంట్లోనే అనుమానం వచ్చింది. అందుకే కొత్త పేరు నీకొక్కదానికే చెప్పాను. మీ మరిదికి కూడా చెప్పలేదు."

"తెలిసే చెప్పావా?"

"వస్తావో రావో చూద్దామని. వచ్చావు. ఒళ్లు మండింది. అయినా రోజూ నీ మాట కోసం కిందికి జరిపి చూసుకునేదాన్ని. అమ్మ పోయాక నీ అంతట నువ్వు నాతో నాలుగు మాటలు మాట్లాడింది అక్కడే కదా. కానీ ఆదివారం నాటి మాట అందరూ చదివారు. ఆ గ్రూపు నడిపే పెద్దాయన నాకు విడిగా రాశారు. ఈ మనిషిని ఉంచమంటారా, పంపెయ్యమంటారా, మీరే చెప్పండి అని."

"నువ్వేమన్నావు?"

"ఏమనమంటావు?"

"ఉంచమనవే. ఇంకెప్పుడూ అలా రాయను. బాగుందనే రాస్తాను. ఒట్టు."

"నీ బాగుంది నాకెందుకక్కా?"

"చిట్టీ, కొట్టు కట్టేసి ఇంటికెళ్తే పలకరించే ప్రాణి లేదు నాకు. నువ్వేం పెట్టావా అని తెరిచి చూసుకోవడం, అదొక్కటే. ఆయనకి చెప్పు. ఇప్పుడే రాసెయ్, నా ముందే."

"పొద్దున్నే రాసేశాను, పంపెయ్యమని. ఇకమీదట నన్ను తిట్టాలంటే నువ్వు మా ఇంటికి రావాల్సిందే."