సగం పిప్పితో సైరన్ దాకా

చక్కెర మిల్లులో బాయిలర్ మండించేది తండ్రి. చెరకు పిప్పితో పళ్ళాలు చేసే యంత్రం పెట్టాలని వచ్చిన కూతురు, పొద్దుటినుంచీ ఆవిరి ఒత్తిడి చూపే ముల్లు మీదనుంచి చూపు తిప్పలేదు.

"పన్నెండు సైరన్ దాకా ముల్లు దిగకపోతేనే మేనేజరు సగం పిప్పి నాకిస్తానన్నాడు, నాన్నా."

"తెలుసు. మిగతా సగంతోనే మండిస్తున్నాగా."

"అయినా ముల్లు దిగలేదు. ఏం చేశావు?"

"ఆ పిప్పి పిడికెడు తీసుకుని పిండు."

"చెయ్యి తడవలేదే."

"తడిపిప్పి వేస్తే సగం మంట దాన్ని ఆరబెట్టడానికే సరి. అందుకే వారంనుంచీ పొగగొట్టం వేడికి ఆరబెడుతున్నా."

"మరి ముప్పై ఏళ్ళుగా ఈ పని చెయ్యలేదేం?"

"మిగిల్చి ఏం చేసుకోను, తలకింద పెట్టుకుని పడుకోనా? అడిగే మనిషి ఇప్పుడొచ్చింది."

ఆమె పిడికిట్లో పిప్పిని జాగ్రత్తగా కుప్పలో వేసింది. తండ్రి గుమ్మం వైపు చూశాడు.

"మేనేజరు వస్తున్నాడు. ముల్లు ఎక్కడుంది?"

"గీత మీదే ఉంది."

"పన్నెండయింది. సైరన్ గొలుసు లాగు, అమ్మడూ."

"దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వవుగా నువ్వు."

"ముట్టుకోనివ్వను. నువ్వు మాత్రం గట్టిగా లాగు. ఎవరి కూతురు లాగిందో ఊరంతా అడగాలి."