ఇక్కడ కాస్త నవ్వండి

ఆ… హలో, నేనే బావా, సుందరిని… డిగ్నాబాద్‌లోనే ఉన్నాను, ఇంకెక్కడికి పోతాను?

ప్రెస్సుకిచ్చేముందు ఓసారి చూడమన్నావుగా, చదివేశాను. నీ 'జీవరాజు జీవితం', రెండొందల పేజీలూ… బాగుంది. ఎందుకు బాగోదు? నువ్వు ఫోన్లో చెప్తుంటే టైపు కొట్టినోడు తెలివైనోడు.

అరే, కోపమెందుకు?… లీడరువి, రచయితవి, సంఘసేవకుడివి… సరే, మూడూను. ఒప్పుకున్నాను.

గాని డెబ్బయ్యో పేజీ ఉంది చూడు… అదే, మాయాబందర్ మీటింగు. చేపలమ్మే ఆడోళ్ళకి షెడ్డు కావాలని నువ్వు మాటాడిన రోజు. "మాటలు నా గుండెలోంచి వాటంతటవే పొంగాయి"… గుండెలోంచా బావా? జేబులోంచి కాదూ?

నేను మర్చిపోతానా? ముందు వరసలో కూచున్నాను… స్పీచంతా నీ ఇల్లాలిది, మా రత్నం అక్కది. నువ్వు మన దీవుల్లో హిందీ స్కూల్లో చదివావు, తెలుగు అక్షరం రాదు. అందుకని అక్క తెలుగు మాటల్నే హిందీ అక్షరాల్లో రాసిచ్చింది. పక్కన బ్రాకెట్లో "ఇక్కడ కాస్త నవ్వండి" అని కూడా పెట్టింది… నువ్వేమో మైకులో అదీ చదివేశావు!

…నవ్వార్లే, జనం పడీపడీ నవ్వారు. షెడ్డు ఇవ్వాల్సిన ఆఫీసరూ నవ్వాడు. షెడ్డూ వచ్చింది. పుస్తకంలో మాత్రం అది "నా చమత్కారం" అయిపోయింది!

లేదు బావా… ఇప్పుడు ఆట పట్టించడం లేదు. ఇరవయ్యేళ్ళుగా నీ ప్రతి స్పీచీ, ప్రతి అర్జీ అక్క చేత్తో రాసిందే. పుస్తకంలో అక్క ఎక్కడుంది? నూట పన్నెండులో. టీ తెచ్చింది… అంతే.

పరువా?… అక్కకి లేదా అది?… ప్రెస్సువాణ్ణి నాలుగింటిదాకా ఆగమన్నాను. మొదటి పేజీలో ఒక్క ముక్క చేర్చు చాలు…

నన్ను రాయమంటావా? నహీ! అక్కనీ అడక్కు. ఈ ఒక్కటీ నువ్వే చెప్పు… తొందరేం లేదు, ఆలోచించుకో…

ఆ, చెప్పు, రాసుకుంటున్నా… "నా స్పీచుల్లో… గొంతు మాత్రమే నాది… మాటలన్నీ… మా రత్నానివి"…

రాసేసుకున్నాను బావా… బాగుంది. సచ్, నిజంగా చాలా బాగుంది.

ఫోను అక్కకివ్వు… పక్కనే ఉందా? అయితే ఇందాకట్నుంచీ అంతా వింటోందా!… అక్కా?… ఏడవకే, నాకూ ఏడుపొస్తుంది… ఏంటీ?… ఆ వాక్యం కాస్త దిద్దుతావా? వద్దే తల్లీ! కామా కూడా ముట్టుకోకు. ప్రెస్సుకి పంపించేస్తున్నాను… ఉంటా—