పచ్చ స్టిక్కర్ పడేదాకా

“మనది వద్దు డాడీ. నేను వేరేది చూసుకున్న.”

“వేరేది ఎందుకు బిడ్డా? ఇంట్ల వెబ్‌సైట్ పెట్టుకొని మందిది పట్టుకపోతవా?”

“దాంట్ల చుక్కలు, గ్రహాలు ఉంటయి. మంచిగుంటది. టీచర్ కూడ ఔ అంటది.”

“గ్రహాలు బ్యాగులు కొంటయా?”

ఆబిడ్స్ పెద్ద రోడ్డు వెనక సందులో, మెట్ల కింద బ్యాగుల దుకాణం. మధ్యాహ్నం బేరాల్లేవు. యజమాని బాలకిషన్ కంప్యూటర్ ముందు, మూడో తరగతి చదివే కూతురు మృదుల పక్కనే స్టూలెక్కి, భార్య అహల్య బిల్లుల బల్ల దగ్గర. రేపు బడిలో తన వెబ్‌సైటు వెలిగిపోవాలని బాలకిషన్‌కి ఒకటే తహతహ, ఆ మారాజుకి నచ్చజెప్పడం ఎవరి తరం.

“జర చెప్పు, మీ సుష్మ టీచర్ ఏమన్నది? ఆమె ఎట్ల అన్నదో అట్లనే చెప్పు.”

“పిల్లలు చూడనీకి మంచి వెబ్‌సైట్ ఒక్కొక్కరు ఒకటి తీసుకురావాలె. అది ఎందుకు మంచిదో అందరి ముందు చెప్పాలె. రేపు అమ్మానాన్నలు కూడ వస్తరు.”

“ఇంకెవరొస్తరు?”

“ప్రిన్సిపల్ మేడం.”

“విన్నవా అహల్యా? ప్రిన్సిపల్ మేడం వస్తదట. వచ్చే ఏడు బడి మొత్తానికి బ్యాగులు ఎవరితోని కుట్టియ్యాలె అని చూస్తున్నది ఆమె. నేను పోయి అడుగుదామంటే వాచ్‌మన్ గేటు కాడనే ఆపిండు. గిప్పుడు నా బిడ్డ పెద్ద తెర మీద మన బ్యాగులు చూపిస్తది. ఆర్డర్ దానంతట అదే నడుసుకుంట వస్తది.”

“వింటున్న. ముందు పిల్ల ఏమంటున్నదో మీరు వినండి.”

“పిల్ల ఏమంటది, సిగ్గుపడుతున్నది.”

“సిగ్గు కాదు డాడీ. ఏ వెబ్‌సైట్‌కైనా టీచర్ ఇచ్చిన ప్రశ్నలుంటయి. జవాబులు మంచిగుంటే పచ్చ స్టిక్కర్. డౌటుంటే పసుపు. అస్సలు వద్దంటే ఎర్ర.”

“అడుగు. ఎన్నైనా అడుగు. మీ బబ్లూ మామతోని దసరాకు చేయించిన. రంగులు చూడు, మెరుపులు చూడు. పచ్చ స్టిక్కర్లు సరిపోతయో లేదో, అది చూసుకో.”

“మొదటిది. ఇది ఎవరిది?”

“ఎవరిదేంది? మనది.”

“మనదని ఏడుంది? ‘మెగా బ్యాగ్స్ ఇండియా’ అని ఉంది. నీ పేరు లేదు. అడ్రస్ లేదు.”

“అడ్రస్ కావాలనే పెట్టలే. ఆబిడ్స్ సందు, మెట్ల కింద అని రాస్తే ఎవరొస్తరు చెప్పు? రాయకుంటే బొంబాయిల ఏదో పెద్ద కంపెనీ అనుకుంటరు.”

“‘దేశమంతటా మా శాఖలు’ అని ఉంది.”

“ఉంటే?”

“ఏడున్నయి?”

“ఒకటి గిదే. ఇంకోటి నాంపల్లిల గోడౌను.”

“గోడౌను అంటే మన మంచం కింద.”

“మంచం నాంపల్లిలనే ఉంది కదా.”

“ఎర్ర స్టిక్కర్.”

“ఆగాగు, అతికియ్యకు. గొంతు మీద కూసుంటవేంది? ఇంకోటి అడుగు.”

“ఎవరు పెట్టిన్రో తెల్వకుంటే అక్కడ ఏం నొక్కొద్దని టీచర్ చెప్పింది.”

“మీ టీచర్ పైకి చూసిందా? పైన చూడు. తాళం గుర్తు కనపడుతుందా? తాళం ఉన్నదంటే ఫికర్ లేదు. బబ్లూనే చెప్పిండు.”

“మేం కూడ గట్లనే అన్నం. టీచర్ కాదన్నది. తాళం ఉంటే మనం పంపేటిది మధ్యల ఎవరు తొంగి చూడరు, అంతే. లోపల ఉన్నోడు మంచోడని కాదంట. దొంగ ఇంటికి కూడ తాళం ఉంటది డాడీ.”

“అహల్యా, నీ బిడ్డ నన్ను దొంగ అంటున్నది.”

“నేను తాళం గురించి చెప్పిన.”

“పిల్ల తాళం గురించే చెప్పింది. మీరెందుకు ఉలిక్కిపడుతున్రు?”

“నువ్వు బిల్లులు చూసుకో అహల్యా. ఆ, తర్వాతది అడుగు.”

“ఆగు డాడీ, మళ్ళ వచ్చింది. ‘ఈ బ్యాగును ఇప్పుడు నలభై ఒక్క మంది చూస్తున్నారు.’ ఎవరు వాళ్లు?”

“కస్టమర్లు.”

“ఇందాక బంద్ చేసి తెరిస్తే కూడ నలభై ఒక్కరే ఉండె.”

“వాళ్లే మళ్ళ వచ్చిన్రు.”

“పొద్దున మమ్మీ ఫోన్ల చూస్తే కూడ నలభై ఒక్కరే.”

“బ్యాగు నచ్చింది వాళ్లకు. ఆలోచిస్తున్రు.”

“దసరా నుంచి ఆలోచిస్తున్రా?”

“నవ్వకు అహల్యా. పిల్ల ముందు నవ్వితే ఏం మర్యాద ఉంటది నాకు?”

“నేను నవ్వలే. దగ్గొచ్చింది.”

“డాడీ, ఈ గడియారం ఏంది? ‘ఆఫర్ ఈ రాత్రికే ఆఖరు’ అని తిరుగుతున్నది.”

“ఆఫర్ అంటే ఆఖరుకొస్తది కదా.”

“ఏ రాత్రికి?”

“ఆ రాత్రికి.”

“ఏ రాత్రికి డాడీ?”

“అబ్బా, ఏదో ఒక రాత్రికి. ఇది వ్యాపారం బిడ్డా, నీకు తెల్వదు. మనిషిని తొందరపెడితేనే కొంటడు. కూసొని ఆలోచించనిస్తే లేచి పోతడు.”

“టీచర్ కూడ అదే చెప్పింది.”

“చూసినవా? టీచర్ చదువుకున్నది.”

“ఎవరన్న తొందరపెడుతున్రంటే మనల్ని ఆలోచించనిస్తలేరని. అప్పుడు చెయ్యి వెనుకకు తీసుకొని పెద్దోళ్లని పిలవాలంట.”

“పిలువు మరి. పెద్దోణ్ని ఇక్కడనే ఉన్న.”

“తొందరపెట్టేది నువ్వే కదా డాడీ. నేను ఎవర్ని పిలవాలె?”

“మమ్మీని లేనా? నన్ను పిలువు బిడ్డా.”

“అహల్యా, నువ్వు ఆమె దిక్కా, నా దిక్కా?”

“మమ్మీ, జర ఇటు రా. ఈమె ఎవరో చూడు. ‘కామాక్షి, సాఫ్ట్‌వేర్ ఇంజనీర్, అఫ్జల్‌గంజ్. ఈ బ్యాగు నా జీవితాన్నే మార్చేసింది.’”

“ఎవరో ఒక కస్టమర్. ముందుకు పో, ముందుకు పో.”

“నానమ్మ కదా.”

“నానమ్మ లెక్క ఉంటది.”

“నానమ్మ ముక్కుపుడక. నానమ్మ చీర. వెనుక మన ఫ్రిజ్ ఉంది, దాని మీద నేను అతికించిన కుందేలు ఉంది.”

“అత్తమ్మ ఫోటో పెట్టిన్రా? ఆమెను అడిగిన్రా?”

“అడిగితే ఏమంటది, సంబరపడతది. పెద్ద మనిషి ముఖం కదా, చూస్తే నమ్మబుద్ధి అయితది. కళ్లద్దాలు నేనే పెట్టిన.”

“యాదవ్వ అత్తమ్మ జిందగీల బ్యాగు పట్టలే. బేగం బజార్‌కు పోయినా మిఠాయి దుకాణపోళ్ల కవర్ మడిచి నడుముల దోపుకొని పోతది. ఆమె జీవితాన్ని మీ బ్యాగు మార్చిందా?”

“పక్కన ఈ పవన్‌కుమార్, చాదర్‌ఘాట్, బబ్లూ మామనే కదా డాడీ? గడ్డం పెట్టిన్రు గని చెవులు మామవే.”

“మీ తమ్ముడే అహల్యా. ఇదంత మీ తమ్ముని పనే. నేను వద్దన్న.”

“మీరు వద్దన్నరా?”

“వద్దన్నట్టే ముఖం పెట్టిన.”

“ఇగ ఇది. అదృష్ట చక్రం. తిప్పితే పేరు అడుగుతది, ఫోన్ నంబర్ అడుగుతది, పుట్టినరోజు, ఇల్లు ఏడ, అన్నీ అడుగుతది. పిల్లలు ఇవేవీ చెప్పొద్దు. ఇది పెద్ద ఎర్ర.”

“పిల్లలు ఎందుకు తిప్పుతరు? పిల్లల కోసం పెట్టలే.”

“నేను తిప్పిన.”

“ఎప్పుడు?”

“టీచర్ ఇదంత చెప్పకముందు. మమ్మీ నంబర్ కొట్టిన. నాకు సైకిల్ వచ్చింది.”

“మంచిది బిడ్డా.”

“సైకిల్ ఏది డాడీ?”

“అది... చూడు, అందరికీ సైకిలే వస్తది.”

“అందరికీ ఇస్తున్నవా?”

“ఎవ్వరికీ ఇయ్యలే.”

“ఆగండి. పొద్దున లేస్తే చాలు, ‘అభినందనలు, మీరు గెలిచారు’ అని నా ఫోన్‌కి మెసేజ్‌లు వచ్చేది మీ దగ్గర్నుంచేనా? పోలీస్ స్టేషన్‌కు పోదామని పక్కింటి పరశురాం అన్నను తోడు రమ్మన్న నేను.”

“పరశురాంకు ఎందుకు చెప్పినవ్? ఇంట్ల విషయం ఇంట్ల అడగొద్దా?”

“ఇంట్లోనిదని దాని మీద రాసి ఉందా?”

“మమ్మీ, అదే నా మొదటి ప్రశ్న.”

“సరే, మీరిద్దరు ఒకటే. బిడ్డా, ఇటు చూడు. సైకిల్ కొనిస్త. నిజం సైకిల్, గంట ఉన్నది. పచ్చ స్టిక్కర్ పెట్టు, రేపు మంచిగ నాలుగు మాటలు చెప్పు, అయిపాయె.”

“దానికి కూడ ఒక ప్రశ్న ఉంది.”

“సైకిల్‌కా?”

“ఎవరన్న ఊరికెనే ఏమన్న ఇస్తనంటే, మనతోని ఏం చేయించుకోవాలని చూస్తున్రో అడగాలె.”

“బాగ చెప్పింది మీ టీచర్. మస్తు చెప్పింది. ఇంటికి పంపి నా మీదనే పరీక్ష పెట్టింది.”

“కోపమొచ్చిందా డాడీ?”

“కోపం కాదు. నీకు తెల్వదు బిడ్డా. సందుల కూసుంటే ఎవరు రారు. ఎంత మంచి బ్యాగు కుట్టించినా పెద్ద రోడ్డు మీదనుంచే పోతరు, ఫోన్ల కొనుక్కుంటరు. నేను సుత పెద్దగ కనపడాలె కదా. దుకాణం మూతపడితే మీ ఇద్దర్ని ఎట్ల సాదాలె అని భయమైతది నాకు. గా భయానికి చేసిన.”

“నువ్వు కుట్టించే బ్యాగులు మంచియే కదా.”

“మంచియే. చినిగితే నా చెప్పుతోని నన్ను కొట్టుమను.”

“జిప్పు ఖరాబైతే ఊరికెనే వేసిస్తవ్ కదా. ఎవరు వచ్చినా వేసిస్తవ్.”

“వేసిస్త. మా నాయన సుత గట్లనే వేసిచ్చేటోడు.”

“అది ఇక్కడ ఎందుకు రాయలే?”

“బబ్లూగాడు అది పాతకాలం ముచ్చట అన్నడు.”

“నేనైతే అదే ముందు రాస్త.”

బాలకిషన్ చొక్కా చేతులు పైకి మడిచాడు. నలభై ఒక్క మందిని సాగనంపడానికి ఆ మడిచినంత సేపైనా పట్టలేదు. గడియారం దగ్గర మాత్రం పాపం, ప్రాణం ఒప్పుకోలేదు.

“ఇది ఒక్కటి ఉండనీ బిడ్డా. చిన్నగ చేస్త. మూలకు పెడత.”

“ఆగిపోతదా?”

“ఆగదు.”

“అయితే ఎర్ర.”

“తీసేసిన. చూడు, తీసేసిన. ముల్లు సుత మిగలలే. సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ ఏమైంది?”

“నానమ్మ పోయింది. మామ పోయిండు. చక్రం పోయింది. శాఖలు పోయినయి.”

“నా నంబర్ కూడ తీసేయండి.”

“తీస్తున్న, అందర్ని తీస్తున్న. వీళ్లందరు పాపం సైకిల్ కోసం చూస్తున్నోళ్లే. మెసేజ్‌లు బంద్.”

“ఇగ పేరు రాయి డాడీ.”

“ఏం పేరు?”

“నీ పేరు.”

“‘బాలకిషన్, బ్యాగుల దుకాణం, ఆబిడ్స్, పెద్ద రోడ్డు వెనక సందు.’ మెట్ల కింద అని సుత రాయాలా?”

“రాయకుంటే ఎట్ల దొరుకుతవ్?”

“‘మెట్ల కింద.’ రాసిన. ‘జిప్పు పాడైతే ఉచితంగా వేసిస్తాం.’ అహల్యా, ఇట్ల చూడు. నా పేరు ఇంత పెద్దగ నేనెన్నడు చూడలే. మంచిగనే ఉంది కదా?”

“మంచిగుంది. మీ ముఖం లెక్కనే ఉంది.”

“ఇప్పుడు చెప్పండి మృదుల మేడం. ఏ స్టిక్కర్?”

“పచ్చ.”

“గట్టిగ అతికియ్యి. కాగితం మీద కాదు, ఇగో, ఈ కంప్యూటర్ మీదనే అతికియ్యి. రేపు ఏం చేస్తవంటే, ముందుకు పోయి నిలబడు. మైకు ఉంటదా?”

“ఉంటది.”

“మైక్‌ల చెప్పు. ‘ఇది మా డాడీ వెబ్‌సైట్’ అను. ప్రిన్సిపల్ మేడం దిక్కు చూసి అను. నేను వెనుక వరసల కూసుంట, ఇస్త్రీ చొక్కా తొడుక్కొని.”

“గ్రహాలదే చెప్త డాడీ.”

“మళ్ళ గ్రహాలా? ఇప్పుడే పచ్చ అన్నవ్ కదా.”

“పచ్చనే.”

“ఎర్ర ఏడన్న మిగిలిందా? ఉంటే చెప్పు, అది సుత తీస్త.”

“లేదు.”

“మరి? మీ డాడీది చిన్న దుకాణమని నామోషీనా?”

“కాదు డాడీ.”

“అహల్యా, నువ్వన్న అడుగు. ఆర్డర్ కోసం కాదు, పోనీ. ఆర్డర్ రాకుంటే పీడ పాయె. ఇంత చేయించి, ఇప్పుడు ఎందుకు వద్దంటున్నదో అడుగు.”

“ఏమైంది బిడ్డా? చెప్పు, డాడీ ఏమనడు.”

“మొన్న టీచర్ పెద్ద తెర మీద ఒక వెబ్‌సైట్ చూపించింది. ఎర్రది ఎట్లుంటదో మాకు తెల్వాలని.”

“ఎవరిదంట?”

“ఎవరిదో టీచర్‌కు తెల్వదు. దాని మీద పేరు లేకుండె.”

“మృదులా...”

“క్లాసంత నవ్విన్రు డాడీ. భానుతేజ అయితే నవ్వి నవ్వి బెంచి మీదనుంచి కింద పడ్డడు.”

“నువ్వేం చేసినవ్ బిడ్డా? మనదని చెప్పినవా?”

“చెప్పలే. ఎవరికీ అనుమానం రావొద్దని, నేను అందరికన్న గట్టిగ నవ్విన.”