చదవకుండా పెట్టిన సంతకం

కొత్తగూడ పెద్దలారా, అమ్మలారా, పనులు మానుకొని బడి ముందుకు వచ్చిన మీ అందరికీ నమస్కారం. ఇంతమంది ఇక్కడ చేరడం ఈ పదకొండేళ్లలో నేను చూడలేదు. ఇద్రీస్ చూసుంటే సంబరపడేవాడు. కానీ ఇద్రీస్ లేడు. మంగళవారం జైల్లో కామెర్లతో పోయాడట. పాతిపెట్టాక మనకు కబురు పంపారు. ఇరవై ఆరేళ్లవాడండి. నాలుగు రోజులైంది, ఈ మాట నాకింకా మింగుడు పడడం లేదు.

ఎవరీ ఇద్రీస్? సూడాన్ దేశం నుంచి భూగర్భశాస్త్రం చదవడానికి పట్నం వచ్చినవాడు. మన బావుల్లో నీళ్లెంత లోతున ఉన్నాయో కొలవడానికి ఈ ఊళ్లో గది కిరాయికి తీసుకున్నాడు. బుచ్చమ్మ మేక మెడలో గంట అడిగి తీసుకొని, టేపు చివర కట్టి బావిలోకి దించేవాడు. గంట మోత ఆగిందంటే నీళ్లు తగిలినట్టు. మనం ఎంత నవ్వుకున్నాం? డెబ్బై రెండు కరువులో తన బావి ఎండిపోయి బుచ్చమ్మ తల పట్టుకొని కూర్చుంటే, "ఫికర్ జెయ్యకు అవ్వా, ఇంకో రెండు గజాలు తవ్వు, నీళ్లున్నయి" అన్నాడు. తవ్వితే పడ్డాయి. ఆ ఎండాకాలం ఈ ఊరు తాగింది ఆ నీళ్లే.

ఈ ఫిబ్రవరిలో రామన్న బావి మీది కరెంటు మోటారు ఎవరో ఎత్తుకుపోయారు. ఏ బావి ఎక్కడుందో, ఎంత లోతో రాసుకున్న పుస్తకం ఇద్రీస్ గదిలో ఉంది. ఠాణా వాళ్లకు అంతకంటే ఏం కావాలి? పరదేశి, వెనక అడిగేవాళ్లు లేనివాడు. పట్టుకుపోయారు. మరి మోటారు దొరికింది ఎక్కడ? గుట్ట మీద రాళ్ల సందున. గొర్లు మేపుతూ చూసింది ఎల్లేశం. మోసుకొచ్చింది మనమే. అయినా పంచనామాలో మాత్రం ఇద్రీస్ మంచం కింద దొరికిందని ఉంది. దాని కింద చదువురాని మన బాలనర్సయ్య వేలిముద్ర ఉంది. దానికి పైన నా సంతకం ఉంది.

అవునండి, నాదే. ఠాణా నుంచి మనిషి తెల్లకాగితం తెస్తాడు. "మేం తర్వాత రాసుకుంటం, నువ్వు సంతకం పెట్టు పంతులూ" అంటాడు. పదకొండేళ్లుగా పెడుతూనే ఉన్నాను. బడిలో పిల్లలకు మాత్రం చదవనిదే దేనికీ సంతకం పెట్టవద్దని చెబుతాను. చెప్పేవి శ్రీరంగ నీతులు.

కోర్టులో ఇద్రీస్ తెలుగులోనే చెప్పుకున్నాడు. "నేను తియ్యలే సార్, బావులు కొలిచిన, గంతే" అన్నాడు. పరదేశికి ఇంత తెలుగు ఎందుకు వచ్చినట్టు, ఎవరు పంపితే వచ్చినట్టు అని సర్కారు వకీలు అడిగాడు. మన అరుగుల మీద కూర్చొని నేర్చుకున్న మాటలండి అవి. అవే అతని మీద నేరమయ్యాయా? తర్వాత నన్ను బోనెక్కించారు. ఈ సంతకం మీదేనా అని అడిగారు. అవునన్నాను. ఇంకో మాట అనలేదు. నా ఉద్యోగం గుర్తొచ్చింది. దిగి వస్తుంటే ఇద్రీస్ నన్ను చూసి, "పంతులు సార్, మంచిగున్నరా?" అని అడిగాడు.

జామీను ఇవ్వలేదు. దేశం దాటిపోతాడన్నారు. ఎక్కడికి పోతాడండి, పాస్‌పోర్టు ఠాణాలో పెట్టుకొని?

అరవై తొమ్మిది గొడవల్లో ఆంధ్రా పంతుల్ని తరమాలని కొందరు వస్తే, ఇదే బుచ్చమ్మ "మా పంతులు జోలికొస్తే ఊకోను" అని నా గుమ్మానికి అడ్డం నిలబడింది. పరాయిచోట భయం ఎలా ఉంటుందో నాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాను. నాకు సిగ్గుగా ఉంది.

మనిషి పోయాడు గనక కేసు మూసేస్తారట. కాగితాల్లో అతను దొంగగానే మిగిలిపోతాడు. సూడాన్‌లో ఉన్న తండ్రికి అదే ఉత్తరం వెళ్తుంది. అందుకే ఈ బల్ల మీద ఒక కాగితం పెట్టాను. మోటారు ఎక్కడ దొరికిందో, నేను సంతకం ఎలా పెట్టానో నా చేత్తో రాశాను. సోమవారం కోర్టులో ఇస్తాను. ఉద్యోగం పోతే పోనివ్వండి. మీలో ఎవరైనా వేలిముద్ర వేస్తానంటే ముందు చదివి వినిపిస్తాను. వినకుండా ఎవరూ వేయవద్దు.

బుచ్చమ్మ ఆ గంట తెచ్చింది. ఒక్కసారి మోగిస్తుంది. మోత ఆగాక అందరూ లేవండి, ఇద్రీస్ కోసం రెండు నిమిషాలు నోరు మూసుకొని నిలబడదాం. నాలుగు నెలలు మూసుకునే ఉన్నాం. ఈ రెండు నిమిషాలే ఆఖరు.