చుక్కమ్మ పేరెట్టిన వైఫై

నాగవేణని, లేసు అల్లే మనిషి, మూడో వాటాలో కాపరం. వాటా అంటే ఏం లేదు, ఉన్న ఒక్క పొడుగింటినే అన్నదమ్ములు ముగ్గురూ పంచుకున్నారనుకో. వీధివైపు పెద్దోడు సూర్రావుది, మధ్యలో నడిపోడు వీరాసామిది, పెరటివైపు మన వేణి మొగుడు అబ్బులుది. నెట్టు వైరు ఒక్కటే, దాన్ని పంచడం కుదర్లేదు. అయినా ఊరుకున్నారా? వాటాకో వైఫై డబ్బా పెట్టుకుని, ఎవడి డబ్బాకి వాడి పేరు, ఎవడి పాస్‌వర్డు వాడిది. సూర్రావైతే పెద్దోణ్ణి కదా అని కొమ్ములున్న డబ్బా తెచ్చి, సిగ్నల్ బలం ఎంతుంటే అంతా పైకి పెట్టించాడంట. సరే, ఏమైందంటే, హైదరాబాదులో కొట్టు నడిపే ఒకావిడ, మీ ఇంట్లో కూర్చుని అల్లే వీధి ఆడోళ్ళ లేసంతా నేనే కొంటాను, కానీ అది చేత్తో అల్లిందో మిషను మీద తీసిందో నా కళ్ళతో చూడాలి, ఇల్లంతా వీడియోలో చూపించమ్మా అందంట. వేణి లాప్‌టాప్ పట్టుకుని వీధరుగు మీంచి బయల్దేరింది. అరుగు మీద అల్లేవాళ్ళని చూపించింది, బాగానే ఉంది. నడిపోడి వాటాలోకెళ్ళిందో లేదో బొమ్మ బిగుసుకుపోయి, పుటుక్కున తెగింది. మళ్ళీ కలిపేసరికి ఆవిడ, "ఆ గదిలోకి రాగానే ఆపేశావేంటమ్మా? మిషను అక్కడేనా దాచింది?" అందంట. చూశారా నింద! వేణికి కళ్ళనీళ్ళు గిర్రున తిరిగాయి. లేదు మేడమ్, మా వైఫై అలాంటిది మేడమ్ అని బతిమాలితే, "సరే, రేపు ఇంకోసారి చూస్తా. ఈసారి తెగిందంటే వేరే ఊరు చూసుకుంటా" అనేసింది.

వేణి కూర్చుని ఆలోచించింది. బస్సులో నర్సాపురం పోతుంటే దారిపొడుగునా టవర్లు మారతాయి, ఫోన్లో మాట తెగదు కదా, ఎందుకు? టవర్లెన్నైనా కంపెనీ ఒకటే. మరి మా ఇంట్లో గడపకో కంపెనీ అయిపోయింది! మూడు డబ్బాలకీ ఒకటే పేరు, ఒకటే పాస్‌వర్డు పెడదామందంట. సరే, ఎవరి పేరు? అక్కడ రేగింది గొడవ. పెద్దోణ్ణి, నా పేరే ఉండాలని సూర్రావు. నడిమింట్లో నేనున్నానని వీరాసామి. నా పెళ్ళాం పని కదా అని అబ్బులు. పొయ్యిల మీద కూరలు మాడిపోతున్నాయనుకో, ఒక్కడు తగ్గడు. అంతలో పెరట్లోంచి గేదె అరిచింది. చుక్కమ్మ దాని పేరు, నుదుటి మీద తెల్లచుక్క. ఆ ఇంట్లో వాటాలెయ్యనిది అదొక్కటే, పాలు ముగ్గురూ తాగుతారు. సూర్రావు పెళ్ళాం సత్తెమ్మ, ఆవిడా లేసే అల్లుద్ది, "దాని పేరెట్టండి, దానికైతే మీలో ఎవరూ ఎదురు చెప్పరు" అందంట. నవ్వకండి, నిజంగా పెట్టారు!

పెట్టి నడిచి చూస్తే ఏమైందీ, మళ్ళీ తెగింది. వేణి తన సొంత డబ్బా కిందే నిలబడి ఉంది, లాప్‌టాప్ మాత్రం కొత్తకోడలు పుట్టింటి గుమ్మం పట్టుకున్నట్టు వీధివైపు పెద్ద బావగారి డబ్బానే పట్టుకు వేలాడతా ఉందంట. అది అంత గట్టిగా పిలుస్తుంటే ఎలా వదులుద్ది మరి? వేణి వెళ్ళి, "బావగారూ, మీ డబ్బా బలం కొంచెం తగ్గించాలండీ" అంది. ఆయన మీసం లేచింది. "నా డబ్బానే తగ్గించమంటావా అమ్మాయ్?" సత్తెమ్మ అల్లిక పక్కన పెట్టి, "వీధి ఆడోళ్ళందరి కష్టం దొంగసొమ్మయిపోతా ఉంది. మీ డబ్బా గొంతు గొప్పా, మా చేతులు గొప్పా?" అందంట. ఆయన లేచెళ్ళి తన చేత్తోనే తగ్గించాడు.

తెల్లారింది. వేణి లాప్‌టాప్ పట్టుకుని అరుగు మీంచి నడిచింది, వెనకాల అల్లేవాళ్ళంతా ఊపిరి బిగబట్టి నడుస్తున్నారు. నడిపోడి గడప దాటింది, బొమ్మ చెక్కుచెదర్లేదు! తన వాటాలోకొచ్చింది, చెదర్లేదు! పెరట్లోకీ వెళ్ళిపోయింది. కొట్టావిడ అప్పటికీ, "మిషను లేదంటావ్?" అంది. వేణి లాప్‌టాప్ తిప్పి, "ఉందండి మేడమ్, ఇదే మా మిషను, పొద్దున్నా సాయంత్రం పాలిస్తుంది" అని చుక్కమ్మని చూపించిందంట. ఆవిడ పగలబడి నవ్వి, లేసంతా నాకే పంపించు అంది. పెరడంతా ఈలలు, కేకలు! వేణి సత్తెమ్మని పట్టుకుని గిరగిరా తిప్పేసిందనుకో.

ఇప్పుడు ఆ ఇంటికి చుట్టాలొస్తే కాళ్ళు కడుక్కోకముందే, చుక్కమ్మ పాస్‌వర్డేంటండీ అనడుగుతున్నారు. సూర్రావేమో, నేను తగ్గబట్టే కదా ఆర్డరొచ్చింది అని ఊరంతా గట్టిగా చెప్పుకు తిరుగుతున్నాడంట. డబ్బా తగ్గింది కానీ, మనిషి తగ్గలేదు.