మునీనా అరచేతిలో లారీ టైరు

ఏంటే, మూడో ముక్క సగమే అంటించానంటావా? నాకు కళ్ళు బాగానే కనబడుతున్నాయి, ముసలిదాన్నయ్యాను గానీ గుడ్డిదాన్ని కాలేదు. అది అంతే ఉండాలి. పాదం కదపకు. కదిపావంటే ప్లాస్టరు లేస్తుంది, లేస్తే గోరింటాకు లోపలికి పాకిపోయి గీత గీతలా ఉండదు, వాగు పొంగినట్టుంటుంది. ఆ బ్లేడు ఇలా అందుకో. సరే, నీ చేతులు రెండూ కట్టేసున్నాయిగా, నేనే తీసుకుంటాలే. ఎందుకు సగం అంటే, అది మునీనా వేసిన ముగ్గు. మునీనా నీకు తెలీదు. నువ్వు పుట్టకముందే పోయింది. మేం ఐదుగురం స్నేహితురాళ్ళం, నేను, గర్మీ, ఇంకో ఇద్దరు, అందరికీ పెద్ద మునీనా. పెద్దంటే వయసులో కాదు, అది చెప్తే మిగతా నలుగురం వినేవాళ్ళం, అదీ పెద్దరికం. నెలకోసారి దాని డేరాలో చేరేవాళ్ళం. ఇప్పట్లా షాపుకెళ్ళి కుర్చీలో కూచుని పెట్టించుకోవడం కాదు. నా పాదాలు గర్మీ పెట్టాలి, గర్మీవి నేను పెట్టాలి. దెబ్బలకేసే ప్లాస్టరుని సన్నగా దారంలా కోసి, అంటించి, పైన ముద్ద పట్టించి, గుడ్డ చుట్టేస్తే ఇంక సాయంత్రందాకా మనిషి మనిషి కాదు, మూట. ప్లాస్టరు ఉన్నచోట తెల్లగా, లేనిచోట ఎర్రగా పండాలి. అందాకా చేతులు ఖాళీగా ఉన్నవాళ్ళు మూటలకి టీ తాగించాలి, ఈగలు తోలాలి, ముక్కు గోకాలి. మాలో మాకు తగువులొస్తే కూడా ఆ రోజుదాకా దాచుకునేవాళ్ళం. చేతులు కట్టేసున్నదాన్ని తిట్టడం సులువు కదా, లేచి వెళ్ళిపోలేదు.

అయితే మునీనాకి చూసిందల్లా ముగ్గే. ఎండిన మడుగులో బీటలు చూస్తే ముగ్గు. మేక పుచ్చకాయ తొక్క కొరికి పారేస్తే ఆ పళ్ళగాట్లు ముగ్గు. ఒకసారి మీ తాత పడుకుని లేస్తే వీపు మీద చాప అచ్చు పడింది. 'కదలకు బావా, అలాగే బోర్లా పడుకో' అని, అది చూసి నా రెండు చేతులకీ పెట్టేదాకా మనిషిని లేవనివ్వలేదు. పాపం ఆయన నమాజు వేళ దాటిపోతోందని ఏడుపుమొహం పెట్టాడు. ఆ ముగ్గు బాగా పండిందిలే, అది వేరే సంగతి. ఏం చెప్తున్నాను? ఆఁ, లారీ. గురువారం గురువారం నువాక్షోత్ పట్నం నుంచి బూనా తోలే లారీ వచ్చేది. బియ్యం, పంచదార, టీ ఆకు, ఉల్లిపాయలు. ఊరంతా ఉల్లిపాయల వెనకాల పడితే ఇది మాత్రం ఇసుకలో చక్రాల అచ్చు ముందు గొంతుక్కూచునేది, గాలి చెరిపేసేలోపల. అక్కడే తొడమీద ప్లాస్టరు కోసుకుని, ఎడమ అరచేతిలో అంటించుకునేది. ఆ వెనక ఎడమ చక్రం టైరు ముక్కల్లో మూడోది విరిగి ఉండేది. సగమే పడేది అచ్చు. నేనన్నాను, 'విరిగింది కూడా ఎందుకే, నిండుగా వేసెయ్.' 'అది లేకపోతే ఏ లారీ అయినా అవుతుంది' అంది. అప్పుడే నాకు వెలగాల్సింది. వెలగలేదు.

బూనా అంటే ఒంటెలవాళ్ళ బిడ్డ. కరువులో మంద మొత్తం పోతే లారీ ఎక్కాడు గానీ ఒంటెల బుద్ధి దిగలేదు. డీజిల్ పోస్తూ 'తాగవే తల్లీ, దూరం పోవాలి' అనేవాడు. ఇసుకలో అడుగు చూసి ఇది ఫలానా ఆవిడ, చంకలో బిడ్డ ఉంది, మొగుడి మీద కోపంగా పోతోంది, అని చెప్పేవాడు. ఒక్కటీ తప్పేది కాదు. గర్మీ పెళ్ళిలో మేం డప్పు ముందు కూచుని చప్పట్లు కొడుతున్నాం, ఎదురుగా మగాళ్ళలో ఇతను. చప్పట్లో మునీనా అరచెయ్యి తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. చూశాడు. మర్నాడు టీ దగ్గర అన్నాడట, 'ఒంటె తొడమీద ఎవరి ముద్ర ఉంటే ఒంటె వాళ్ళది, ఔనా కాదా? మునీనా చేతిమీద నా చక్రం ఉంది. విరిగిన ముక్కతో సహా ఉంది. అంటే ఆ మనిషి నా మనిషి.' మొదటి గ్లాసుకి అందరూ నవ్వారు. రెండో గ్లాసుకి ఎవడో 'ఆగండి, మాట సబబుగానే ఉందే' అన్నాడు. మూడో గ్లాసు అయ్యేసరికి ఊరు రెండుగా చీలిపోయింది. ఒంటె తనంతట తాను ముద్ర వేయించుకోదు కదా అని ఒకళ్ళు, ఎవరు వేస్తేనేం ముద్ర ముద్రేగా అని ఒకళ్ళు. ఆ వారం ఈ ఊళ్ళో మగాళ్ళు ఒక్క పని చేస్తే ఒట్టు.

నవ్వుకునేవాళ్ళమే, మధ్యలో మునీనా వాళ్ళ బాబాయి హమూద్ లేకపోతే. మునీనాకి తండ్రి లేడు, పెత్తనం ఈయనది. ఖర్జూరం కోతలు దగ్గరపడ్డాయి, అల్లుడికి లారీ ఉంటే కాయ కుళ్ళకుండా పట్నం చేరుతుంది. అదీ ఆయన లెక్క. 'బంగారంలాంటి సంబంధం. లారీ ఉంది, ముద్ర కూడా పడిపోయింది, ఇంకా ఏం చూడాలి? ఖాజీగారు ఊఁ అంటే గురువారమే నిఖా' అన్నాడు. మునీనాకి అప్పటికే ఒకసారి పెళ్ళయి, వద్దనుకుని తలాక్ తీసుకుని వచ్చేసింది. మనలో అదీ పండగేగా, వచ్చిన రోజు మేమే డప్పు కొట్టి, గోరింటాకు పెట్టి కూచోబెట్టాం. 'ఆ బరువు దిగి ఏడాది కాలేదు, ఇంకోటి ఎక్కిస్తారా, నేనేమన్నా నిజంగానే ఒంటెనా' అని రెండు రోజులు అన్నం ముట్టలేదు. మంగళవారం సాయంత్రం మాత్రం లేచి మొహం కడుక్కుంది. 'ముద్ర ఉన్నవాళ్ళంతా అతని సొత్తయితే అందరికీ పెడదాం' అంది. అందరికీ అంటే? 'అందరికీ అంటే అందరికీ.'

గోరింటాకు ఉంది, ఆడవాళ్ళున్నారు, ప్లాస్టరు లేదు. ఉంటే ఆస్పత్రిలో ఉండాలి. అక్కడ కాంపౌండర్ దహాన్, ప్లాస్టరు చుట్ట మంచం కింద పెట్టుకుని పడుకునే రకం. 'దెబ్బ చూపించండి, నా చేత్తో నేనే అంటిస్తాను' అనేవాడు. అంటించనీ. బుధవారం పొద్దున్నే ఆస్పత్రి ముందు వరస కట్టాం, అందరికీ తలనొప్పి. అప్పట్లో తలనొప్పికి కణతల మీద ప్లాస్టరు వేసేవాళ్ళులే. వేయించుకోవడం, గోడ తిరిగి పీకెయ్యడం, మునీనాకి ఇవ్వడం, మళ్ళీ వరసలో నిలబడటం. నాలుగోసారి నన్ను చూసి దహాన్, 'అక్కా, ఇందాక వేసిందేమైంది?' అన్నాడు. 'నొప్పి లాగేసింది తమ్ముడూ' అన్నాను. అలా చూశాడు. మధ్యాహ్నానికి వాళ్ళావిడే వచ్చి చెయ్యి చాపింది మా డేరాలో, మిగిలిన ప్లాస్టరు చుట్టతో సహా. ఆ వారం ఊళ్ళో దెబ్బ తగిలినవాళ్ళంతా గుడ్డపీలికలతో తిరిగారు.

ఆ రోజు చూడాలి మా డేరా. మేం ఐదుగురం కోసేవాళ్ళం, అంటించేవాళ్ళం, మిగతావాళ్ళు చేతులు మూటలు కట్టుకుని వరసగా, ఎండబెట్టిన మాంసంలా. అందరి చేతిలోనూ అదే టైరు, మూడో ముక్క సగం. అంతలో హమూద్ బాబాయి కర్ర పట్టుకుని ఊగిపోతూ వచ్చాడు, 'ఏం జరుగుతోందిక్కడ' అంటూ. గుమ్మంలో మొదటి మూట ఎవరనుకున్నావు, ఆయన అత్తగారే. మనలో అత్త కంట అల్లుడు పడకూడదాయె. ఆవిడ కొంగు లాక్కుందామంటే చేతులు లేవు. ఇంక ఆయనే తలపాగా మొహం మీదికి గుంజేసుకుని, వెనక్కి తిరిగి, డేరా రాటకి నుదురు కొట్టుకుని బయటపడ్డాడు. అత్తగారు మూటల్లోంచి, 'ఎవరే ఆ వచ్చింది, గాలికి ఏదో తగిలినట్టుంది' అంది, తెలిసే. నుదురు బొప్పికట్టి ఆస్పత్రికి పోతే అక్కడ ప్లాస్టరు లేదు. సాయంత్రం అవుతుందనగా ఖాజీగారి అమ్మ వచ్చింది, ఎనభై ఏళ్ళది. 'ఊరంతటినీ పిలిచి నన్ను మరిచారా' అని కూచుంది. మేం భయపడ్డాం. మునీనా మాత్రం ఆవిడ చెయ్యి ఒళ్ళోకి తీసుకుని, ఎంత ఓపిగ్గా పెట్టిందని. ఆ ముడతల్లో ప్లాస్టరు నిలవదు, ఒక్కో ముడతా సాపు చేసి పెట్టింది.

గురువారం లారీ వచ్చింది. ఖాజీగారు లారీ నీడలోనే చాప వేయించుకుని కూచున్నారు. బూనా తల దువ్వుకుని, కొత్త నీలం జుబ్బా వేసుకొచ్చాడు. పాపం, పెళ్ళికొడుకులాగే ఉన్నాడు. చెప్పాల్సింది చెప్పాడు. ఖాజీగారు గడ్డం నిమురుకుని, 'ముద్ర ఉన్నచోట సొత్తు ఉంటుందన్నది నిజమే అబ్బాయీ. కానీ సొత్తున్నవాడికి బాధ్యత ఉంటుంది. బావి దగ్గర ముందు తన మందకి నీళ్ళు తోడాలి' అన్నారు. 'తోడతాను' అన్నాడు. 'మేపాలి.' 'మేపుతాను.' అప్పుడు వెనకనుంచి, 'మరి నాకు ఎప్పుడు తోడతావు నాయనా, పొద్దుట్నించీ దాహంగా ఉంది' అని ఖాజీగారి అమ్మ చెయ్యెత్తింది. ఎర్రగా, నిప్పులా పండింది, మధ్యలో టైరు. ఖాజీగారు ఆ చెయ్యి చూశారు. బూనాని చూశారు. ఔనంటే ఇతను తనకి నాన్న అవుతాడు. గడ్డం నిమురుతున్న చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఇంక ఒక్కసారే నలభైముగ్గురం చేతులెత్తాం. 'నాకు జొన్నలు పడవు, గోధుమ రవ్వే కావాలి' అని ఒకతి, 'నాకు దూడ ఉంది, దానికీ పొయ్యాలి' అని చంకలో పిల్లతో ఒకతి. గర్మీ, పెళ్ళై ఆరు రోజులది, 'మా ఆయన్ని కూడా తోలుకురానా, మగ ఒంటెకి గడ్డి తక్కువే' అంది. లారీ ఎక్కేశాం. ఖాజీగారి అమ్మని ముందు సీట్లో ఎక్కించాం. ఆవిడ హారను నొక్కి, 'ఉల్లి కంపు కొడుతోందిరా, రేపట్నించి కడిగించు' అంది. జనం నేలమీద పడి దొర్లారు. హమూద్ బాబాయి మాత్రం, తన అత్తగారు లారీ పైనుంచి చూస్తోందని తలపాగాలోంచి బయటికే రాలేదు.

బూనా మాత్రం నవ్వలేదు, కోప్పడలేదు. 'ఆ చక్రం నాది కాదు ఖాజీగారూ, నేనే పొరబడ్డాను' అన్నాడు. అన్నాక మునీనా లారీ దిగింది. దిగి అతని ముందుకెళ్ళి, మెల్లగా అంది, నేను పక్కనే ఉన్నాను కాబట్టి వినబడింది. 'ఊరందరికీ చూపించావు. నన్ను ఒక్కమాట అడిగావా? అడిగుంటే ఏమనేదాన్నో.' అంతే. వెళ్ళిపోయింది. అతను ఆ మధ్యాహ్నం ఎండలో కూచుని ఆ చక్రం ఊడదీశాడు. పై వారం వచ్చేసరికి నాలుగూ వేరే టైర్లు. ఊరంతా నవ్విన మగాడు మళ్ళీ ఎలా అడుగుతాడు చెప్పు. ఇది మాత్రం తనంతట తాను చెప్తుందా, ఎక్కడ, ఆ రోజు నలభైముగ్గురిని లారీ ఎక్కించిన మనిషి.

టీ పొంగుతోందా? కాదులే. ఇంకా ఉంది టైము. నెల తిరిగాక గోరింటాకు రోజు వచ్చింది. మునీనా తన పాదం నా ఒళ్ళో పెట్టి, అడుగున పెట్టమంది, అరికాల్లో. అరికాలు ఎవరికి వాళ్ళు పెట్టుకోలేరు కదా. ఏం ముగ్గే అంటే, నేలమీద వేలితో గీసి చూపించింది. కొత్త టైరు. చేతులు ఖాళీగా ఉన్నాయి గానీ నోరు కట్టేసుకున్నాను. అప్పట్నుంచి ప్రతి నెలా నేనే పెట్టేదాన్ని. గురువారం లారీ వెళ్ళాక ఇది చెప్పుల్లేకుండా పోయి ఆ అచ్చు పక్కన నిలబడి వచ్చేది. గోరింటాకు ఇసుకలో అచ్చు పడదులే. కానీ పాదం పడుతుందిగా. అడుగు చూసి మనిషిని చెప్పేవాడికి ఆ పాదం తెలీకుండా ఉంటుందా? కొన్నాళ్ళకి నేను గమనించింది ఏంటంటే, ఇదివరకు అంగడి ముందు ఆపేవాడు, ఇప్పుడు వెనక మట్టిగోడ చాటున ఆపుతున్నాడు. మూటలు మోసేవాళ్ళు తిట్టుకునేవాళ్ళు, అంత దూరం ఎందుకయ్యా అని. గోడ చాటున గాలి తగలదు. టైరు అచ్చూ, దాని పక్కన పాదం అచ్చూ పై గురువారందాకా ఉంటాయి. ఒక్క మాట లేదు వాళ్ళిద్దరికీ. ఎన్నేళ్ళో. తర్వాత తారు రోడ్డు పడింది. తారు మీద ఏం పడుతుంది అచ్చు? ఆ నెల పాదం పెట్టి కూచుంటే అడిగాను, 'ఇప్పుడు ఏ టైరే?' అని. మొహం అటు తిప్పుకుంది. 'పాతదే పెట్టు. మూడోది సగం' అంది.

మునీనా పోయినప్పుడు ఆఖరి స్నానానికి నీళ్ళు పోసింది మేమే. గర్మీ అరికాలు తుడుస్తూ, ఇదేంటే ఇక్కడ, చేప ముల్లులాగుంది అంది. ఆఁ, చేప ముల్లే, అన్నాను. సముద్రం ఎప్పుడన్నా చూసిందా మునీనా.

ఆ పాదం అయింది. రెండోది ఇటివ్వు. ఉండు, ముందు ఆ టీ దించి వస్తాను, మాడిపోతోంది.